డీడీయూ-జీకేవై ఫ్రీ ట్రైనింగ్ సెంటర్ రివ్యూ: చేరేముందు ఒకసారి చదవండి (5కి 3.5)

మా చెల్లి వైజాగ్‌లో ఒక డీడీయూ-జీకేవై (దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన, పల్లెటూరి పిల్లలకి ఫ్రీగా పని నేర్పి జాబ్ చూపించే స్కీమ్) సెంటర్‌లో జీడీఏ (హాస్పిటల్‌లో నర్సుకి సాయంగా ఉండే పని) కోర్సు చేసి ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో చేస్తోంది, ఏడాది దాటింది. మా ఊరి గ్రూప్‌లో ఎవరో ఒకరు మెసేజ్ పెడుతూనే ఉంటారు, అక్కా అది నిజంగా ఫ్రీయేనా, జాబ్ ఇస్తారా, ఆడపిల్లని పంపొచ్చా అని. ప్రతిసారీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. సెంటర్ పేరు అడక్కండి, చెప్పను. ఒకటి, ఈ సెంటర్లు పర్మనెంట్ కావు, ఒక ఏజెన్సీకి ఇంతమందికి ట్రైనింగ్ ఇవ్వాలని టార్గెట్ ఇస్తారు, అది అయిపోయాక బోర్డు పీకేసి ఇంకోచోట పెట్టుకుంటారు, మీరు వెళ్ళేసరికి అది ఉంటుందో ఉండదో. రెండోది, అక్కడ మంచివాళ్ళు కూడా ఉన్నారు, ఒకళ్ళ మీద కోపంతో అందర్నీ తిట్టినట్టు అవుతుంది.

స్కీమ్ సంగతి తెలియనివాళ్ళకి గబగబా చెప్పేస్తా. ఇది సెంట్రల్ గవర్నమెంట్ గ్రామీణాభివృద్ధి శాఖది, 2014 సెప్టెంబర్‌లో మొదలైంది, ఆంధ్రాలో సీడాప్ చూస్తుంది, తెలంగాణలో ఈజీఎంఎం. పల్లెటూరి పేద కుటుంబాల పిల్లలకి, 15 నుంచి 35 ఏళ్ళ వరకు, ఆడవాళ్ళకి వికలాంగులకి అయితే 45 వరకు. తెల్ల రేషన్ కార్డు, పనికి వెళ్ళినట్టున్న ఉపాధి హామీ జాబ్ కార్డు, అమ్మ డ్వాక్రా గ్రూప్‌లో ఉండటం, ఇలాంటివాటిల్లో ఏదో ఒకటి చూపిస్తే చాలు. సీట్లలో మూడోవంతు ఆడపిల్లలకే. కోర్సుని బట్టి 3 నెలల నుంచి ఏడాది దాకా, రెసిడెన్షియల్ అయితే తిండి, మంచం, యూనిఫాం అన్నీ వాళ్ళవే. ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. ఎవరైనా రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం డిపాజిట్ అని డబ్బులు అడిగితే అక్కడినుంచి లేచి వచ్చేయండి, అది ఈ స్కీమ్ కాదు.

మాకు ఈ విషయం చెప్పింది మా ఊరి వీవోఏ (డ్వాక్రా సంఘాల లెక్కలు చూసే మనిషి), సంఘం మీటింగ్‌లో. చెల్లి అప్పటికి ఇంటర్ ఒక సబ్జెక్ట్ పోయి ఇంట్లో ఉంది. మాది పలాస వైపు, ఇంటర్ ఆగిపోయిన ఆడపిల్ల అంటే మా దగ్గర ఉన్న దారి జీడిపిక్కల ఫ్యాక్టరీ ఒక్కటే, పిక్క కొట్టే పనికి వెళ్తే ఆ నూనెకి వేళ్ళు నల్లగా అయిపోయి తోలు ఊడొస్తుంది, మా అమ్మ చేతులు చూస్తే మీకే తెలుస్తుంది. అయినా సరే మా అమ్మే వద్దంది. "ఆడపిల్లని అంత దూరం ఒగ్గేత్తే నలుగురూ ఏటంటారే" అని. వచ్చిన మొబిలైజర్ (ఊళ్ళు తిరిగి పిల్లల్ని చేర్పించే మనిషి) ఏమో 20 వేల జీతం, ఏసీలో డ్యూటీ అని చెప్పుకుపోతున్నాడు, అమ్మకి కావాల్సింది అది కాదు, రాత్రి తలుపు ఎవరు వేస్తారు, ఫోన్ చేస్తే పిల్లకి ఇస్తారా అన్నది కావాలి. చివరికి నేను, మా ఆయన వెళ్ళి హాస్టల్ చూసొచ్చాం, వార్డెన్‌తో మాట్లాడాం, వార్డెన్ నంబర్ అమ్మ ఫోన్‌లో వేసి ఒకసారి ఆవిడతో మాట్లాడించాం. అప్పుడు ఒప్పుకుంది. ఈ పని సెంటర్ వాళ్ళు చేయాలి నిజానికి, ఊరికి వచ్చినప్పుడు పాత బ్యాచ్ అమ్మాయిని ఒకదాన్ని వెంట తీసుకొస్తే సగం ఇళ్ళల్లో గొడవే ఉండదు. దీనికి అరపాయింట్ కోసేశా.

ట్రైనింగ్ గురించి. జీడీఏ అంటే జనరల్ డ్యూటీ అసిస్టెంట్, నర్సు కాదు, ఇది ముందే బుర్రకి ఎక్కించుకోండి. నర్సు కింద పనిచేసే మనిషి. బీపీ చూడటం, టెంపరేచర్, పల్స్ రాసుకోవడం, పేషెంట్‌ని మంచం మీంచి వీల్‌చైర్‌లోకి మార్చడం, మంచం మీద మనిషి ఉండగానే దుప్పటి మార్చడం, పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, ఒళ్ళు తుడవడం, బెడ్‌పాన్ పెట్టడం తీయడం, ఇవీ పనులు. మేడమ్ (ఆవిడ పాత స్టాఫ్ నర్స్, ఏదో పెద్దాసుపత్రిలో చాలా ఏళ్ళు చేసిన మనిషి) చాలా బాగా చెప్పేది. సెంటర్లో బొమ్మ లేదు, అంటే ప్రాక్టీస్‌కి వాడే ప్లాస్టిక్ మనిషి బొమ్మ, ఉండాలి, లేదు. అందుకని పిల్లలే ఒకళ్ళు పేషెంట్‌లా పడుకుంటే ఇంకొకళ్ళు ఎత్తేవాళ్ళు. మేడమ్ మాత్రం బ్యాచ్‌లో అందరికంటే లావుగా ఉన్న అమ్మాయినే పేషెంట్‌గా పెట్టేదంట, "హాస్పిటల్లో సన్నగా ఉన్న పేషెంట్లే వస్తారా ఏంటి, నడుం వంచకు, మోకాళ్ళు వంచు" అని. చెల్లికి ఇప్పటికీ నడుం నొప్పి లేదంటే దానివల్లే అంటుంది. చెత్త బకెట్ల రంగులు అయితే ఇంటికి ఫోన్ చేసినప్పుడు కూడా అప్పజెప్పేది, రక్తం అంటిన దూది, కట్లు పసుపులో, సెలైన్ పైపుల్లాంటి ప్లాస్టిక్ ఎరుపులో, సూదులు తెల్ల డబ్బాలో, గాజు సీసాలు నీలంలో. మా పాప కూడా నేర్చేసుకుంది వినీ వినీ.

ఇంగ్లీష్ క్లాస్ మాత్రం దండగ. టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్ అంటే బ్యాచ్ మొత్తానికి ఒకటే జవాబు, మై హాబీ ఈజ్ లిజనింగ్ మ్యూజిక్ అంట అందరికీ. మంచం నంబర్, మందు పేరు, "సిస్టర్, పేషెంట్ ఈజ్ వామిటింగ్" లాంటివి నేర్పితే వార్డులో పనికొచ్చేది, అవి చెల్లి డ్యూటీలో చేరాక కేరళ నర్సుల దగ్గర నేర్చుకుంది. ట్యాబ్‌లు ఇస్తారని రూల్, బీరువాలో ఉండేవి, ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే ముందురోజు తీసి ఛార్జింగ్ పెట్టేవాళ్ళంట. తిండి యావరేజ్, పప్పు నీళ్ళనీళ్ళగా, ఆదివారం గుడ్డు. బాత్రూముల్లో నీళ్ళు పొద్దున్న ఏడు దాటితే కష్టం. వేలిముద్ర అటెండెన్స్ పక్కాగా వేసేవాళ్ళు, అది మాత్రం ఎప్పుడూ తప్పలేదు, ఎందుకంటే వాళ్ళకి డబ్బులు దాన్ని బట్టే వస్తాయి కదా.

సరే ఇప్పుడు అసలు విషయం. ఇలాంటి సెంటర్లకి రివ్యూలు రాసేవాళ్ళంతా ప్లేస్‌మెంట్ రోజు ఫోటోతో ఆపేస్తారు, ఆఫర్ లెటర్ పట్టుకుని లైన్‌గా నిలబడ్డ ఫోటో. జాబ్ రావడం అంత కష్టం కాదండీ, హాస్పిటల్స్, గార్మెంట్ ఫ్యాక్టరీలు, వేర్‌హౌస్‌లు, వీళ్ళకి మనుషులు ఎప్పుడూ కావాలి, ఎందుకు కావాలంటే ఉన్నవాళ్ళు వెళ్ళిపోతుంటారు కాబట్టి. చెల్లి బ్యాచ్‌లో కూడా చేరినవాళ్ళలో చాలామంది మొదటి రెండు నెలల్లోనే ఊరికి వచ్చేశారు. ఒక అబ్బాయి మొదటి డ్యూటీలో బెడ్‌పాన్ చూసి మర్నాడే రైలెక్కేశాడు. ఇంకో అమ్మాయి సంక్రాంతికి సెలవు ఇవ్వలేదని వచ్చేసింది, మళ్ళీ వెళ్ళలేదు. ఒకమ్మాయికి సంబంధం కుదిరింది. ఇద్దరికి హాస్టల్ అడ్వాన్స్ కట్టడానికి డబ్బుల్లేక. మా వైపు జనం వీళ్ళని చూసి "పని చేయలేక వచ్చేశారు" అంటారు గానీ నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండుద్ది, పని చేయలేక కాదు, పని దగ్గర ఉండటానికి కావాల్సినవి ఎవరూ చూడలేదు.

లెక్క చూడండి ఒకసారి. చెల్లికి ఆఫర్ లెటర్‌లో 13,500 అని ఉంది. అందులో బేసిక్ 10,000 మీద పీఎఫ్ 12 శాతం, అంటే 1,200 పోయింది. ఈఎస్‌ఐ 0.75 శాతం, వంద రూపాయలు వేసుకోండి. చేతికి 12,200. మొబిలైజర్ చెప్పిన 20 వేలు ఏ లోకంలోదో ఆయనకే తెలియాలి. హైదరాబాద్‌లో లేడీస్ హాస్టల్ షేరింగ్ 5,500, చేరేటప్పుడు అడ్వాన్స్ వేరే. పైగా జీతం నెల అయ్యాక వస్తుంది, అది కూడా ఏ 7వ తారీఖో 10వ తారీఖో. అంటే దాదాపు నలభై రోజులు చేతిలో జీతం లేకుండా కొత్త ఊళ్ళో బతకాలి, హాస్టల్, బస్సు, సబ్బు, ఫోన్ రీఛార్జ్. డబ్బున్న ఇంటి పిల్ల అయితే ఇంటినుంచి పంపుతారు, అసలు ఈ స్కీమ్‌కి వచ్చేదే తెల్లకార్డు పిల్లలు, వాళ్ళింట్లో పంపడానికి ఏముంటుంది. మా అమ్మ సంఘంలో అప్పు తీసి ఇచ్చింది, మిగతాది నేను పెట్టా.

దీనికి స్కీమ్‌లోనే మందు ఉంది, అది చాలామందికి తెలీదు, సెంటర్ వాళ్ళు పెద్దగా చెప్పరు. పోస్ట్ ప్లేస్‌మెంట్ సపోర్ట్ అని జాబ్‌లో చేరాక నెలకి 1000 రూపాయలు ఇస్తారు, సొంత జిల్లాలో అయితే 2 నెలలు, వేరే జిల్లా అయితే 3 నెలలు, వేరే రాష్ట్రం అయితే 6 నెలలు. హైదరాబాద్ ఇప్పుడు మనకి వేరే రాష్ట్రం కదా, విడిపోయినందుకు మా ఇంటికి కలిసొచ్చింది ఇదొక్కటే. కానీ ఎప్పుడు వచ్చింది? చెల్లికి అవసరం మొదటి నెలలో, డబ్బులు పడింది నాలుగో నెల చివర్లో, అప్పటిదాకా రావాల్సినవన్నీ కలిపి ఒకేసారి. అది కూడా నేను సెంటర్‌కి పదే పదే ఫోన్ చేశాక. వెయ్యి రూపాయలే కదా అనుకోకండి, ఆ మొదటి నెలలో వస్తే హాస్టల్ అడ్వాన్స్‌కి అయ్యేది, ఆ ఇద్దరు పిల్లలు వెనక్కి వచ్చేవాళ్ళు కాదేమో. రూల్ మంచిదే, టైమే తప్పు. అరపాయింట్ ఇక్కడ కూడా పోయింది.

ఇంకో తలనొప్పి కాగితాలు. చెల్లి టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో ఇంటిపేరు మొత్తం, బ్యాంకు పాస్‌బుక్‌లో పేరు ముందు ఇంటిపేరు వెనక. మనవాళ్ళందరికీ ఉండే గోలే ఇది. హాస్పిటల్ హెచ్‌ఆర్ వాళ్ళు యూఏఎన్ (పీఎఫ్ నంబర్) తీయడానికి పేరు మ్యాచ్ అవట్లేదని ఆపేశారు, పీఎఫ్ ఆగింది, దాంతో జీతం ఎంట్రీ కూడా లేటయ్యేలా ఉంది. పుట్టిన తేదీలో కూడా ఒకచోట తేడా. ఇక్కడ సెంటర్‌లో కౌన్సిలర్ మేడమ్ ఒకావిడ ఉంది, ఆవిడకి దండం పెట్టాలి. ఫోన్‌లోనే ఏ కాగితం ఏ ఆఫీసులో మార్చాలో వరసగా చెప్పింది, ముందు ఆధార్ జోలికి పోకు, ఆధార్ టెన్త్ మెమోకి సరిపోయేలా ఉంటే బ్యాంకుదే మార్పించుకో, తేదీకి మాత్రం మెమో పట్టుకుని ఆధార్ సెంటర్‌కి వెళ్ళు అని. హెచ్‌ఆర్ వాళ్ళకి ఆవిడే ఫోన్ చేసి ఈ నెల జీతం ఆపకండి, పేపర్స్ వస్తున్నాయి అని చెప్పింది. చెల్లి ఒక్కతే వెళ్ళి అడిగితే కిటికీ దగ్గరే నిలబెట్టి పంపేసేవాళ్ళు, ఆవిడ ఫోన్ చేస్తే పని అయింది. ట్రైనింగ్‌లో మొదటి వారంలోనే అందరి కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తిప్పలు జాబ్‌లో చేరకముందే తేలిపోయేవి, నెలల తరబడి పిల్లలు మీ దగ్గరే ఉన్నారు కదా నాయనా, అప్పుడేం చేశారు.

ఈ కౌన్సిలర్ మేడమ్ గురించే ఇంకాస్త రాయాలి, ఎందుకంటే నేను ఇచ్చిన పాయింట్లలో సగం ఆవిడవే. చెల్లికి మొదటిసారి నైట్ డ్యూటీ వేసినప్పుడు ఒక పెద్దాయన చనిపోయాడు, దీని కళ్ళముందే. పొద్దున్నే నాకు ఫోన్ చేసి ఏడుపు, నేను వచ్చేస్తా, నావల్ల కాదు అని. నేనూ వచ్చేయమనే అన్నా, అక్కని కదా. అది మేడమ్‌కి కూడా చేసిందంట. ఆవిడ వచ్చేయ్ అనలేదు, ఉండు అనలేదు, రాత్రి ఏం తిన్నావ్ అని అడిగిందంట, ముందు తిని పడుకో, సాయంత్రం నాలుగుకి నేను చేస్తా అని. నాలుగుకి నిజంగానే చేసింది. మాట్లాడి, వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి చెప్పి ఒక వారం డే షిఫ్ట్‌కి మార్పించింది, నైట్‌లో ఒక సీనియర్‌ని పక్కన వేసేలా చేసింది. అంతే. చెల్లి ఉండిపోయింది. అదే హాస్పిటల్‌లో ఇంకో సెంటర్ నుంచి వచ్చిన పిల్లలకి ఇలాంటి మనిషి లేదు, వాళ్ళలో ఒక్కరు కూడా ఇప్పుడు లేరని చెల్లి చెప్తుంది.

కానీ ఇక్కడే ఒక మెలిక ఉంది. ఈ స్కీమ్‌లో ప్లేస్‌మెంట్ కింద లెక్క రావాలంటే కనీసం మూడు నెలలు జాబ్‌లో ఉన్నట్టు జీతం స్లిప్పో బ్యాంకు స్టేట్‌మెంటో చూపించాలి. అందుకే ఆ మూడు నెలలు సెంటర్ నుంచి ఫోన్లే ఫోన్లు, స్లిప్ పంపావా, స్టేట్‌మెంట్ పంపావా, ఐడీ కార్డుతో ఫోటో పంపావా అని. నాలుగో నెల వచ్చేసరికి నిశ్శబ్దం. ఏడాది దాకా ట్రాక్ చేయాలని గైడ్‌లైన్స్‌లో ఉంది, ట్రాకింగ్ అంటే వాళ్ళ దృష్టిలో "ఇంకా చేస్తున్నావా, సరే" అని ఒక కాల్. కౌన్సిలర్ మేడమ్ కూడా కొత్త బ్యాచ్ పనిలో పడిపోయింది, ఆవిడ తప్పు కాదు, ఒక్క మనిషికి అంతమంది పిల్లలు. చెల్లికి ఆరో నెలలో సూపర్‌వైజర్ ఒకడితో ఇబ్బంది వచ్చింది, మాటలు తేడాగా మాట్లాడేవాడు. అప్పుడు సెంటర్‌కి ఫోన్ చేస్తే ఎత్తిన కుర్రాడికి ఇదెవరో కూడా తెలీదు. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా ఇలాంటి వేధింపుల కంప్లయింట్లు చూడటానికి ఇంటర్నల్ కమిటీ ఉండాలని 2013 చట్టంలో ఉంది, కంప్లయింట్ రాసివ్వొచ్చని మా ఆయన ఆఫీసులో ఒకావిడ చెప్తే తెలిసింది మాకు, ట్రైనింగ్‌లో దీని గురించి ఒక్క ముక్క చెప్పలేదు. రాసిచ్చింది, వాడిని వేరే ఫ్లోర్‌కి మార్చారు. ఊరుకాని ఊళ్ళో పనిచేసే పిల్లల కోసం మైగ్రేషన్ సపోర్ట్ సెంటర్ అని కూడా స్కీమ్‌లో ఉంటుంది, హాస్టల్ చూపించడం, ఇలాంటి గొడవల్లో పక్కన నిలబడటం దాని పని, మా సెంటర్‌లో ఆ మాటే ఎవరి నోటా రాలేదు.

వికలాంగుల సంగతి కూడా చాలామంది అడిగారు. చెల్లి బ్యాచ్ పక్కనే వేర్‌హౌస్ ప్యాకింగ్ బ్యాచ్‌లో చెవులు వినపడని అబ్బాయి ఒకడు ఉండేవాడు, సదరం సర్టిఫికెట్ (వికలాంగులకి గవర్నమెంట్ ఇచ్చే కాగితం) ఉంది, వికలాంగుల కోటాలో సీటు ఇచ్చారు. సీటు ఇచ్చారు గానీ సైగలు వచ్చిన టీచర్ లేదు. పక్కన కూర్చునే ఫ్రెండే నోట్స్ రాసి చూపించేవాడు. జాబ్‌లో కూడా సూపర్‌వైజర్ వెనకనుంచి అరిస్తే వీడికేం వినపడుద్ది, తిట్లు తిన్నాడు పాపం. తర్వాత ఎవరో ప్యాకింగ్ టేబుల్‌ని గోడవైపు నుంచి తిప్పి మనుషులు కనపడేలా పెట్టారంట, వాట్సాప్‌లో పని చెప్పడం మొదలుపెట్టారంట, ఇప్పుడు టైమ్‌కి బాక్సులు అందరికంటే ఎక్కువ కడుతున్నాడు. రూపాయి ఖర్చు లేదు దానికి. మీ ఇంట్లో అలాంటి పిల్లలుంటే ఈ సెంటర్ల కంటే ముందు హైదరాబాద్‌లో యూత్‌ఫర్‌జాబ్స్ లాంటివాళ్ళని అడగండి, వాళ్ళ పనే అది, వికలాంగ పిల్లలకి ట్రైనింగ్ ఇచ్చి కంపెనీవాళ్ళతో కూడా మాట్లాడతారు.

మరి పంపొచ్చా అంటే, పంపొచ్చు. నేనైతే మా చిన్నాన్న కూతురిని కూడా పంపిద్దామనే చూస్తున్నా, ఈసారి సెంటర్ ఏదైనా సరే వెళ్ళి నేను అడిగేవి వేరు. పాత బ్యాచ్ వాళ్ళ నంబర్లు నాలుగు ఇవ్వండి, ఆర్నెల్ల కింద చేరినవాళ్ళవి, నిన్న చేరినవాళ్ళవి కాదు అని అడుగుతా. ఇవ్వకపోతే అర్థమైపోతుంది. కౌన్సిలర్ ఎవరు, ఎన్నాళ్ళ నుంచి ఉన్నారు అని అడుగుతా. జీతం ఎంత కాదు, చేతికి ఎంత, మొదటి జీతం ఏ తారీఖున, హాస్టల్ ఎవరు చూస్తారు, ఆ వెయ్యి రూపాయలు ఎప్పుడు పడతాయి. నైట్ షిఫ్ట్ ఉంటే వ్యాన్ ఉందా. పని ఏంటో మొహమాటం లేకుండా చెప్పించండి పిల్లలకి, బెడ్‌పాన్ సంగతి ముందే తెలిస్తే ఆ అబ్బాయి రిటైల్ కోర్సులో చేరేవాడు, ఇప్పుడు ఊళ్ళో ఖాళీగా తిరుగుతున్నాడు, ఇంకోసారి చేరమంటే సిగ్గు. ఇంటినుంచి కూడా రెండు నెలల ఖర్చు ఎలాగో ఒకలా పక్కన పెట్టుకోండి, సంఘం అప్పు అయినా సరే, అది లేకుండా రైలెక్కించొద్దు. రూల్స్ మధ్యమధ్యలో మారుతుంటాయి కాబట్టి నేను చెప్పిన లెక్కలు చేరేరోజు సీడాప్ జిల్లా ఆఫీసులో ఒకసారి కన్ఫర్మ్ చేసుకోండి.

పాయింట్ల లెక్క అడిగేవాళ్ళకి, మేడమ్ నేర్పిన పనికి, కౌన్సిలర్‌కి ఫుల్. మొబిలైజర్ ఇంటిదగ్గర వ్యవహారానికి అర, లేటు డబ్బులకి అర, మూడు నెలల తర్వాత ఫోన్ ఎత్తనందుకు అర కోశా. ట్యాబ్‌లు, పప్పు, ఇంగ్లీష్ వదిలేశా, అవి భరించొచ్చు.

ఆఁ ఇంకోటి మర్చిపోయా, సర్టిఫికెట్. చివర్లో బయటినుంచి అసెసర్ వచ్చి పరీక్ష పెడతారు, పాసైతే స్కిల్ కౌన్సిల్ సర్టిఫికెట్ వస్తుంది, చాలామంది ఈలోపే జాబ్‌కి వెళ్ళిపోతారు కాబట్టి అది సెంటర్‌లోనే ఉండిపోతుంది, తర్వాత సెంటర్ ఎత్తేస్తే ఎవర్ని అడుగుతారు. చెల్లిది నేనే వెళ్ళి సంతకం పెట్టి తెచ్చా, వేరే హాస్పిటల్‌లో 16 వేలకి అడుగుతున్నారు, వాళ్ళు మొదట అడిగింది ఆ కాగితమే. ఇంకా కొంతమంది పిల్లలవి అక్కడ కవర్లో అలాగే ఉన్నాయి, మీ వాళ్ళు ఎవరైనా చేసి ఉంటే వెళ్ళి తెచ్చుకోమనండి.